చక్రాల మీద నీలం గీత

"లైటు ఆరిందా లేదా, అది చెప్పు ముందు," అని అళగమ్మాళ్ మూడోసారి అడిగింది.

లారీ కేబిన్‌లో కూర్చున్న ఆవిడ చిన్న కొడుకు కుమారవేల్ తాళంచెవి తిప్పాడు. ఇంజను దగ్గి మొదలైంది. స్టీరింగు వెనక పసుపుపచ్చ దీపం మూడుసార్లు మినుకుమని, ఆ తర్వాత వెలుగుతూనే ఉండిపోయింది.

"ఆరలేదమ్మా."

కింద నిలబడ్డ యువరాణికి మొగుడి మొహం కనబడలేదు. నిన్నటినించీ అతను అన్నానికి పిలిస్తే రావడంలేదు, మాటకు మాట ఇవ్వడంలేదు. పాపం, మనసు విరిగిపోయిందని ఆమె అనుకుంది. అందుకని అతని తరఫున కూడా తనే అరుస్తోంది.

పదిన్నరైంది. సాయంత్రం నాలుగింటికల్లా ఈ లారీ విరుదునగర్‌లో అగ్గిపుల్లల మందు కంపెనీ గేటు ముందు ఉండాలి, ఆ దీపం ఆరి ఉండాలి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు రసాయనాలు మోసే బండ్లు కాబట్టి, ఒక్కో చక్రం లోపలా సెన్సరు అనేదొకటి బిగించి ఉంటుంది. గాలి తగ్గితే అది డ్రైవరు ముందున్న పెట్టెకు చెబుతుంది, పెట్టె దీపం వెలిగిస్తుంది. దీపం వెలుగుతున్న బండికి కంపెనీవాళ్లు లోడు ఎక్కించరు. నిన్న గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేశారు. ఇవాళ కూడా ఇదే కథైతే బండి నంబరు జాబితాలోంచి కొట్టేస్తామన్నారు. కొట్టేస్తే ఆ చోటికి ఎదురుచూసేవాళ్లు ఇరవైమంది. కోవిల్‌పట్టిలో యువరాణి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క కంపెనీ లోడు మీదే.

గాలి తగ్గి కాదు. గాలి దిట్టంగా ఉంది. అసలు సంగతి విరుదునగర్ మెకానిక్ అంతోణి నిన్ననే తేల్చేశాడు. ఆ తమిళ ఊళ్లో తెలుగు మాట్లాడే మనిషే కాబట్టి దాచకుండా చెప్పాడు.

"అక్కా, ఈ చక్రాలు ఈ బండివి కావు. ఇది రెండువేల తొమ్మిది మాడలు. చక్రాల్లో ఉండేది రెండువేల ఆరు సెన్సర్లు. బోల్టు కన్నాలు సరిపోతాయి, టయరు సైజు సరిపోతాది. పాత సెన్సరు చెప్పేది మాత్రం కొత్త పెట్టెకి వినపడదు. నేను రెంటినీ కలిపి చూసినాను, ఒప్పుకోలేదు. కొత్తవి మెడ్రాసు నుంచి రావాలంటే పది దినాలు. ఎవురో చక్రాలు మార్చినారక్కా."

ఎవరో ఏమిటి! రెండువేల ఆరు లారీ ఎవరిదో యువరాణికి తెలుసు. అదే వాకిట్లో, అవతలి గోడ పక్కన నిలబడి ఉంది. ఎనిమిది రోజుల కిందట ఇంట్లో పంపకాలు జరిగాయి. పాత లారీ పెద్దవాడు లక్ష్మణసామికి, కొత్త లారీ చిన్నవాడు కుమారవేల్‌కు వచ్చింది.

వచ్చింది అనడం కూడా తప్పే. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా పెద్దవాడికే. అది వాళ్ల తాతలనాటి పద్ధతి. కొత్త లారీ పెద్దోడిదేనని అళగమ్మాళ్ ఆరు నెలలుగా అంటూనే ఉంది. తీరా పంపకం రోజున లక్ష్మణసామి లేచి, "చిన్నోడికి ఇద్దరు పిల్లోళ్లు ఉండారు. నాకు నేల ఉండాది. కొత్తది వాడికే ఇయ్యండి," అన్నాడు. పెద్దమనుషులు తలలూపి మెచ్చుకున్నారు. ఆరోజు యువరాణి కళ్లు తుడుచుకుని బావగారి కాళ్లకు దండం కూడా పెట్టింది.

ఆ దండం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు ఒళ్లు మండిపోతోంది. కొత్త చక్రాలు ముందే ఊడబీక్కుని, అరిగిపోయిన టయర్లు తగిలించి, పైన ధర్మరాజు వేషం. ఛీ. బండి ఇచ్చి చక్రాలు కొట్టేసేవాడు మనిషేనా అని నిన్న టయర్ల కొట్టు ముందు నలుగురిలో అనేసింది. ఆ మాట ఆమెకంటే ముందు ఇల్లు చేరింది.

ఇప్పుడు లక్ష్మణసామి తన వైపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కరిసల్ అనే నల్లరేగడి నేలలో తిరిగి తిరిగి నల్లబడ్డ మనిషి, మాట తక్కువ. పక్కన భార్య రుక్మణి నిలబడి ఉంది.

"బావా, ఆఖరిసారి అడగతా ఉండాను. చక్రాలు విప్పి మాది మాకు ఇస్తారా లేదా?"

"ఇస్తాను," అన్నాడు లక్ష్మణసామి. "దొంగ ఎవురో తేలినాక ఇస్తాను."

"ఎందుకు తేలాల? వస్తువు ఎవురి దగ్గిర ఉండాదో వాళ్లే."

"నోరు చూడు అత్తా," అంది రుక్మణి. "బండి ఇచ్చినోడిని దొంగ అంటా ఉండాది. ఆయనకి జాకీ ఏ పక్క తిప్పాలో కూడా తెలీదు. నేల చూసుకునే మనిషి."

"ఆయనకి తెలీకుంటే డ్రైవరు పాలసామికి తెలీదా? మీ బండిలో ఆ లైటు మీద నల్ల బొట్టుబిళ్ల అంటించి ఉండాదే, అది ఎవురిదక్కా? నా కంటితో చూసినాను. అది నీ బొట్టే."

రుక్మణి ఒక్క క్షణం తడబడింది. "నాదే. లైటు కండ్లల్లో కొడతా ఉండాదని పాలసామి అడిగినాడు, ఇచ్చినాను. మాకు కంపెనీ గేటు లేదు, దాంతో మాకేం పని?"

"లైటు ఎందుకు వెలగతా ఉండాదో అడగబుద్ధి కాలేదా? దొంగసొమ్ము కాబట్టి మూసిపెట్టినారు."

"యువరాణీ," అన్నాడు లక్ష్మణసామి. గొంతు పెంచలేదు. "రెండు బండ్లూ చూసుకునింది ఇన్నాళ్లూ కుమారే కదా. టయరు కొత్తదో పాతదో నాకు ఎట్ల తెలుస్తాది? వాడినే చెప్పమను."

అందరూ కుమారవేల్ వైపు చూశారు. అతను కేబిన్‌లోంచి దిగి, టయరు పక్కన నిలబడి, చక్రం వైపు చూస్తున్నాడు.

"నేనేం చెప్పేది," అన్నాడు. "పంపకం గొడవలో నేనూ చూళ్లేదు."

ఇంత చేసిన అన్న ముందు కూడా తల ఎత్తడు, మెతక మనిషి అని యువరాణి లోపల విసుక్కుంది. మెతక మొగుడు ఉన్న ఇంట్లో పెళ్లాం గయ్యాళి అవక ఏమవుతుంది. ఆమె ముందుకు వచ్చి తన లారీ ముందు చక్రం మీద అరచేత్తో కొట్టింది.

"దీనికి సాక్షి నేను. ఈయన చక్రం బిగిస్తే నట్టు మీద నుంచి రిమ్ము మీదికి గీత గీస్తాడు. నట్టు కదిలితే గీత విరిగిపోతాది, చూస్తానే తెలిసిపోతాది. ఊర్లో అందురూ తెల్ల సున్నంతో గీస్తారు. ఈయనకి సున్నంలో నీలిమందు కలపాల. కలిపిచ్చేది నేనే. పదకొండేండ్లుగా కలపతా ఉండాను. చూడండి, ఈ ఆరు చక్రాల్లో ఒక్కదానికైనా గీత ఉండాదా? ఈయన బిగించింటే గీత లేకుండా ఉంటాదా?"

అళగమ్మాళ్ వంగి చూసింది. నిజమే. నట్ల మీద పాత మట్టి తప్ప ఏమీ లేదు.

"మంచిది," అన్నాడు లక్ష్మణసామి. "నా బండికి ఉండాదో లేదో నువ్వే పోయి చూడు. ఆ గీతల సంగతి నాకు తెలీదు."

"చూస్తాను. ఎందుకు చూడను?"

కుమారవేల్ తల ఎత్తాడు. "ఇప్పుడు అదెందుకు, ఎండలో..." అన్నాడు.

ఎండ లెక్కచేసే స్థితిలో లేదు యువరాణి. వాకిలి దాటి పాత లారీ చుట్టూ అవతలి వైపుకు, గోడకూ బండికీ మధ్య సందులోకి వెళ్లింది. వాకిట్లోంచి చూస్తే ఆ చోటు ఎవరికీ కనబడదు. ముందు చక్రం ముందు కూర్చుంది. కొత్త టయరు, గాడులు లోతుగా ఉన్నాయి. రిమ్ము మీద దుమ్ము పేరుకుంది. కొంగుతో తుడిచింది.

నీలం గీత.

ఒక నట్టు మీద కాదు, అన్నిటి మీదా ఉంది. నట్టు నడినెత్తిన మొదలై రిమ్ము మీదికి వచ్చి ఆగిన సన్నటి గీతలు, ఎక్కడా విరగలేదు. అంటే ఈ చక్రం ఈ బండికి బిగించాకే గీసినవి. బొటనవేలితో గట్టిగా రుద్దింది. నీలం వేలికి అంటుకుంది.

లేచి వెనక చక్రాలు చూసింది. వాటికీ ఉంది. లోపలి చక్రానికి కూడా, చెయ్యి పట్టని చోట, శ్రద్ధగా గీసి ఉంది.

యువరాణి గోడకు ఆనుకుని నిలబడింది. పంపకానికి ముందురోజు గుర్తొచ్చింది. బావ, రుక్మణి నరికుడిలో పెళ్లికి వెళ్లారు. తను పిల్లల్ని తీసుకుని కారియాపట్టిలో పుట్టింటికి పోతోంది. బస్సుకు టైమవుతుంటే కుమారవేల్ కొబ్బరిచిప్ప తెచ్చి, కాస్త నీలం కలిపి పెట్టి పో అన్నాడు. పండగా లేదు, బండికి పనీ లేదు, ఇప్పుడెందుకని అడిగింది. ఊరికే, నట్లు చూసుకోవాలన్నాడు. చెప్పులు వేసుకుని కూడా మళ్లీ వంటింట్లోకి పోయి కలిపి ఇచ్చింది.

పాత లారీ తనకు వస్తుందని అతనికి అప్పటికి నమ్మకం. అందుకని అన్నకు పోబోయే కొత్త లారీ చక్రాలు విప్పి తనకు రాబోయే పాత లారీకి బిగించుకున్నాడు. తనవి అనుకున్న చక్రాలకు ఒక్క నట్టు వదలకుండా గీత గీశాడు. అన్నకు పోయే చక్రాలకు గీత గీయలేదు. అవి ఊడి దారిలో దొర్లిపోయినా తనకేం పోయింది? మర్నాడు అన్న లేచి కొత్త లారీ తమ్ముడికే ఇమ్మన్నాడు. అప్పుడు ఆ నోరు ఎట్లా మూతపడిందో, ఇప్పటిదాకా అట్లాగే మూసుకుని ఉంది.

దొంగతనం ఒక ఎత్తు. నిన్న టయర్ల కొట్టు ముందు తను అన్నమాటలన్నీ ఈ మనిషి పక్కనే నిలబడి విన్నాడు. పెళ్లాం తప్పుగా అరుస్తోందని తెలిసి, అరవనిచ్చాడు. అది మాత్రం మింగుడుపడలేదు.

కుమారవేల్ సందులోకి వచ్చాడు. ఆమె వేలు చూశాడు, చక్రం చూశాడు.

"నువ్వేనా మామా?"

"మెల్లిగా."

"నువ్వేనా?"

"నేనేం చేసేది? పుట్టినప్పటి నుంచి పాతదే కదా నాకు ఇచ్చేది. ఆయన సొక్కా, ఆయన సైకిలు. ఈసారి బండి కూడా పాతదే అన్నారు. చక్రాలన్నా మంచివి ఉండనీ అనుకున్నాను. రెండిట్లో ఉండే సెన్సరూ ఒకటే అనుకున్నాను. ఇట్ల లైటు పట్టిస్తాదని నాకేం తెలుసు?"

పట్టుబడినందుకు బాధ తప్ప అతని గొంతులో ఇంకేమీ లేదు. యువరాణి ఒక అడుగు వెనక్కి జరిగింది. గోడ అడ్డొచ్చింది.

"ఆయన కొత్తది నీకే ఇయ్యమన్నప్పుడు చెప్పుండచ్చు కదా?"

"అందురి ముందరా?"

"నన్ను నిన్న ఆపుండచ్చు కదా?"

కుమారవేల్ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఇప్పుడేం చేయొద్దు నువ్వు. గీత లేదని చెప్పు. అమ్మ ఏదో ఒకటి తీర్చేస్తాది. నాలుగు గంటలకి బండి గేటు కాడ ఉండాల. పిల్లోళ్లని తలుచుకో."

పిల్లల పేరు ఎత్తడం ఆమెకు ఇంకా అసహ్యంగా అనిపించింది. అయినా ఎత్తాడు కాబట్టి వాళ్లే కళ్లముందు నిలబడ్డారు.

యువరాణి వాకిట్లోకి వచ్చేసరికి అళగమ్మాళ్ ఇత్తడి పళ్లెం తెచ్చి రెండు లారీల మధ్య నేల మీద పెట్టింది. పళ్లెంలో కర్పూరం బిళ్లలు. వాళ్లు దాన్ని సూడం అంటారు. వెలిగించిన సూడాన్ని అరచేత్తో ఆర్పి, నేను చేయలేదు అన్నారంటే ఆ ఇంట్లో ఇక దానిమీద మాట ఉండదు. అబద్ధమాడి ఆర్పినవాడి వంశం నిలవదని వాళ్ల నమ్మకం.

"చూసినావా?" అని లక్ష్మణసామి అడిగాడు. "గీత ఉండాదా?"

యువరాణి చెయ్యి కొంగులో ముడుచుకుంది.

"దుమ్ము పట్టి ఉండాది బావా. సరిగ్గా కనపళ్లేదు."

తన నోట్లోంచి ఆ మాట అంత సులువుగా రావడం ఆమెకే రోతగా ఉంది. నిన్న తను దొంగ అన్న మనిషి, ఆ మాట నమ్మి తల ఊపాడు.

"సరి," అంది అళగమ్మాళ్. "ఇంట్లో మాట వీధిలోకి పోయింది. ఇద్దురూ సూడం ఆర్పండి. నేను తాకలేదని ఇద్దురూ సత్తెం చేస్తే, ఎవురో బయటోడు చేసినాడు అనుకుంటాము. ఏ బండి చక్రం ఆ బండికి మార్చేయండి. పెద్దోడా, నీకు సమ్మతమా?"

"సమ్మతమే. నా పేరు మీద మచ్చ పోతే చాలు."

కుమారవేల్ అప్పటికే చక్రాల పానా, జాకీ తెచ్చి పళ్లెం పక్కన పెట్టేశాడు. ఆ తొందర చూసి యువరాణి మొహం తిప్పుకుంది.

లక్ష్మణసామి అరుగు దిగాడు. తువ్వాలు నడుముకు చుట్టుకున్నాడు. అళగమ్మాళ్ అగ్గిపుల్ల గీసింది. మంట లేచింది.

"నేను తాకలేదు. తాకమని ఎవురికీ చెప్పలేదు," అన్నాడు. అరచెయ్యి మంట మీద పెట్టి అణిచాడు. చెయ్యి తీసి చూసుకోలేదు కూడా. పక్కకు జరిగాడు.

రెండో బిళ్ల వెలిగింది. కుమారవేల్ వంగాడు. ఇప్పుడైనా ఆగుతాడని యువరాణి అనుకుంది. అమ్మ కాళ్ల మీద పడి ఒక్క మాట చెప్పేస్తాడని అనుకుంది. అన్న మంచివాడు, తిట్టినా చక్రాలు ఇచ్చేస్తాడు. ఆ ఆశ నిజంగానే పెట్టుకుంది.

"నేనూ తాకలేదు," అన్నాడు కుమారవేల్. మంట మీద చెయ్యి తట్టి తీసేశాడు. మంట ఆరలేదు. ఇంకోసారి తట్టాల్సొచ్చింది.

"అయిపాయె," అన్నాడు పానా అందుకుంటూ. "టైము పన్నెండు. ఇప్పుడు మొదలుపెడితేనే..."

"ఉండరా," అంది అళగమ్మాళ్.

ఆవిడ మూడో బిళ్ల పళ్లెంలో పెట్టింది. కోడలి వైపు చూసింది.

"వీధిలో నిలబడి అరిచింది నువ్వు. పెద్దోడు సత్తెం చేసినాడు, చిన్నోడు చేసినాడు. నీకేమీ తెలీదని నువ్వూ ఆర్పు. ఇంకెప్పుడూ ఈ మాట ఈ ఇంట్లో లేవకూడదు."

అగ్గిపుల్ల వెలిగింది. యువరాణి పళ్లెం ముందు కూర్చుంది. ఆర్పితే నాలుగింటికి బండి గేటు దగ్గర ఉంటుంది. జాబితాలో నంబరు ఉంటుంది. చెయ్యి చాపడానికి ఎంతసేపు? కొంగులోంచి కుడిచెయ్యి తీసి మంట మీదికి తెచ్చింది.

"వేలికి ఏందది?" అంది అళగమ్మాళ్.

బొటనవేలి మీద నీలం పచ్చిగా మెరుస్తోంది. చెమటకు గోరు దాకా పాకింది.

యువరాణి నోరు తెరిచేలోపే కుమారవేల్ అందుకున్నాడు. "నీలమమ్మా. అది ఎప్పుడూ కలిపేదే కదా. నాకేం తెలుసు, దాన్నే అడుగు."

యువరాణి మొగుడి వైపు చూసింది. పదకొండేళ్లు వండిపెట్టిన మొహం అది. ఎవరో దారిన పోయేవాడి మొహంలా ఉంది. దాన్నే అడుగు. తప్పించుకోవడానికి చేతికి దొరికింది తనే.

లక్ష్మణసామి లేచి తన బండి దగ్గరికి నడిచాడు. అవతలి సందులోకి వెళ్లాడు. తుడిచిన చక్రం ముందు వంగి గీత మీద వేలు పెట్టి చూశాడు. అక్కణ్నుంచే అడిగాడు.

"యువరాణీ, ఈ గీత ఎప్పుడు గీసింది?"

మంట వైపు చాచిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది.

"మీరు నరికుడికి పోయిన దినం బావా. పొద్దున్నే నేనే కలిపిచ్చినాను. దేనికో తెలీకుండా కలిపిచ్చినాను. నిన్న మిమ్మల్ని అన్నాను చూడండి, అదంతా ఈ నోటితోనే అన్నాను."

అళగమ్మాళ్ చిన్న కొడుకు వైపు తలెత్తి చూసింది. రుక్మణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లక్ష్మణసామి సందులోంచి వచ్చాడు. తమ్ముడి ముందు ఆగాడు. కొడతాడేమో అనుకుంది యువరాణి. అతను తమ్ముడి చేతిలోంచి చక్రాల పానా తీసుకున్నాడు, వంగి జాకీ కూడా తీసుకున్నాడు. రెండూ పట్టుకుని తన వైపు ఇంట్లోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

పళ్లెంలో మూడో సూడం ఎవరి చెయ్యీ పడకుండానే కొండెక్కింది.

కుమారవేల్ మూసిన తలుపు వైపు చూశాడు, చక్రాలు మారని తన లారీ వైపు చూశాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు.

"ఒక్క అబద్ధం చెప్పేదానికి నోరు రాలేదా నీకు?" అన్నాడు.